కణానికి కాపలాదారు – పసిపిల్లల కంటిలో తెల్లని మెరుపు

ఆరోగ్య పాఠం



ఈసారి పాఠంలో కంటికి కనిపించనంత చిన్న వస్తువు గురించి చెప్పుకుందాము. అది మన శరీరంలోని ప్రతి కణంలోనూ ఉండే ఒక జన్యువు. పేరు ఆర్‌బి. కణం ఎప్పుడు రెండుగా చీలాలో, ఎప్పుడు చీలకుండా ఆగాలో చెప్పే కాపలాదారు ఇది. జన్యువులు, ప్రోటీన్లు డాక్టర్లకే గాని మనకెందుకు అని ఈ పేజీ తిప్పేయవద్దని మనవి. ఈ కాపలాదారు పని మానేస్తే నెలల పసిబిడ్డకు కూడా కంటిలో క్యాన్సర్ రావచ్చు. దాని మొదటి గుర్తును ఎక్కువగా కనిపెట్టేది ఇంట్లో బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లి, అమ్మమ్మ, నానమ్మ. డాక్టరు చూసేది ఆ తరువాతనే. ఆ గుర్తు ఏమిటో తెలిసిన ఇంట్లో బిడ్డ ప్రాణం, చాలాసార్లు చూపు కూడా దక్కుతాయి. అందుకే ఈ పాఠం.

కణం ఎలా పెరుగుతుంది?

ఇల్లు ఇటుకలతో కట్టినట్టు మన శరీరం కణాలతో కట్టబడింది. పెద్ద మనిషి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉంటాయి. ఇవన్నీ తల్లి గర్భంలో ఒకే ఒక్క కణంతో మొదలైనవే. ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై బిడ్డ తయారయ్యింది. పుట్టిన తరువాత కూడా ఈ పని ఆగదు. చర్మం, పేగు లోపలి పొర, రక్తం రోజూ కొత్త కణాలను తయారు చేసుకుంటూనే ఉంటాయి. వేలు తెగితే గాయం మానేది కూడా కణాలు చీలి కొత్త కణాలు పుట్టడం వల్లనే.

కణం చీలే ముందు ఒక వరుసలో కొన్ని పనులు చేస్తుంది. మొదట తాను పెరిగి కావలసిన సరుకు సమకూర్చుకుంటుంది. తరువాత తనలోని డి.ఎన్.ఏ. మొత్తానికి మరో ప్రతి రాసుకుంటుంది. ఆ ప్రతి సరిగా ఉన్నదో లేదో చూసుకుంటుంది. చివరకు రెండుగా చీలుతుంది. దీనినే కణచక్రం అంటారు. ప్రయోగశాలలో పెంచే మనిషి కణాలకు ఈ చక్రం ఒకసారి తిరగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అందులో చీలడానికి పట్టేది ఒక గంట మాత్రమే. మిగతా సమయమంతా సిద్ధపడడానికే సరిపోతుంది.

ఈ చక్రం ఎలా తిరుగుతుందో, దాన్ని నడిపే ప్రోటీన్లు ఏవో కనిపెట్టినందుకు లీలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2001లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వారు పరిశోధించినది ఈస్ట్‌లోను, సముద్రపు జీవుల గుడ్లలోను. అయినా అదే చక్రం మన ఒంట్లోనూ తిరుగుతున్నది.

చెక్‌పోస్టు దగ్గర కాపలా

జహీరాబాదు నుంచి బొంబాయి వైపు వెళ్ళినవారికి చిరాగ్‌పల్లి దగ్గర చాలాకాలం ఉన్న చెక్‌పోస్టు గుర్తుండే ఉంటుంది. లారీ వచ్చి గేటు ముందు ఆగుతుంది. కాగితాలు చూసి, అంతా సరిగా ఉందనుకుంటే గేటు ఎత్తుతారు. గేటు దాటిన తరువాత లారీని ఆపేవారు ఉండరు, నేరుగా పోవడమే.

కణచక్రంలోనూ ఇలాంటి గేటు ఒకటి ఉంది. డి.ఎన్.ఏ. ప్రతి రాయడం మొదలుపెట్టడానికి కాస్త ముందు అది వస్తుంది. అక్కడ అడ్డంగా ఉండే కర్ర పేరే ఆర్‌బి ప్రోటీన్. ఇది 928 అమైనో ఆమ్లాలు దండలాగా గుచ్చుకుని ఏర్పడిన ప్రోటీన్. దీన్ని తయారు చేయడానికి కావలసిన సూచనలు 13వ క్రోమోజోమ్ మీద ఉన్న ఆర్‌బి జన్యువులో రాసి ఉంటాయి.

కణం ఊరికే ఉన్నప్పుడు ఆర్‌బి ప్రోటీన్ 'ఇ2ఎఫ్' అనే మరో ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. డి.ఎన్.ఏ. ప్రతి రాయడానికి కావలసిన జన్యువులను నిద్రలేపేది ఆ ఇ2ఎఫ్. అది ఆర్‌బి చేతిలో చిక్కి ఉన్నంతసేపు కణం చీలదు. శరీరానికి కొత్త కణాలు కావాలని కబురు వచ్చినప్పుడు, సైక్లిన్-డి అనే ప్రోటీన్, దాని జతగాళ్ళయిన సీడీకే-4, సీడీకే-6 కలిసి ఆర్‌బికి ఫాస్ఫేట్ ముక్కలు తగిలిస్తాయి. అప్పుడు ఆర్‌బి పట్టు సడలిస్తుంది. ఇ2ఎఫ్ బయటపడుతుంది. గేటు లేస్తుంది. కణం చీలిన తరువాత ఆ ఫాస్ఫేట్ ముక్కలు ఊడిపోతాయి, ఆర్‌బి మళ్ళీ ఇ2ఎఫ్‌ను పట్టుకుంటుంది, గేటు దిగుతుంది.

మరి ఆర్‌బియే లేకపోతే? గేటు ఎప్పుడూ ఎత్తే ఉంటుంది. శరీరం అడగకపోయినా కణం చీలుతూనే ఉంటుంది. క్యాన్సర్ అంటే ఇదే. బయటి నుంచి వచ్చిన పురుగు కాదు, ఆగవలసిన చోట ఆగడం మరచిపోయిన మన సొంత కణమే.

రెండు బ్రేకుల లెక్క

ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది. ఒకటి తల్లి దగ్గర నుంచి, ఒకటి తండ్రి దగ్గర నుంచి. ఆర్‌బి కూడా అంతే. సైకిలుకు ముందు బ్రేకు, వెనుక బ్రేకు ఉన్నట్టు ప్రతి కణానికీ రెండు ఆర్‌బి జన్యువులు ఉంటాయి. ఒకటి చెడినా రెండోది ఆపుతుంది. రెండూ చెడితేనే ప్రమాదం.

అమెరికాలో హ్యూస్టన్ నగరంలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే పిల్లల డాక్టరు 1971లో ఈ విషయాన్ని లెక్కలతో చూపించారు. ఆయన కంటి క్యాన్సర్ వచ్చిన 48 మంది పిల్లల వివరాలు తీసుకున్నారు. వారిలో కొందరికి రెండు కళ్ళలోనూ గడ్డలు వచ్చాయి, అవీ చాలా చిన్న వయసులోనే. మిగతావారికి ఒకే కంటిలో, ఒకే గడ్డ, కాస్త ఆలస్యంగా వచ్చింది. ఈ తేడా ఎందుకని ఆయన ఆలోచించారు. మొదటి రకం పిల్లలు పుట్టుకతోనే ఒక బ్రేకు చెడి పుట్టారు, కంటిలో రెండోది చెడితే చాలు. రెండో రకం పిల్లలు రెండు బ్రేకులూ బాగానే ఉండి పుట్టారు, ఏదో ఒక్క కణంలో రెండూ ఒకదాని తరువాత ఒకటి చెడిపోయాయి. అది అరుదుగా జరిగేది, కాబట్టి ఒకే గడ్డ, ఆలస్యంగా. దీన్నే 'రెండు దెబ్బల సిద్ధాంతం' అంటారు.

అప్పటికి ఆ జన్యువును ఎవరూ చూడలేదు. పదిహేనేళ్ళ తరువాత, 1986లో, బోస్టన్‌లోని శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకోగలిగారు. క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువుల్లో మొదట చేతికి చిక్కినది ఇదే. ఆ కంటి క్యాన్సర్ పేరు రెటినోబ్లాస్టోమా. ఆ పేరు నుంచే ఆర్‌బి అనే పేరు వచ్చింది.

కంటికే ఎందుకు? చిన్నపిల్లలకే ఎందుకు?

కంటి లోపల వెనుక గోడకు అతుక్కుని ఉన్న పలుచని తెర పేరు రెటీనా. కెమెరాలో ఫిల్ము ఎలాగో కంటికి ఆ తెర అలాగు. బిడ్డ తల్లి గర్భంలో ఉన్నప్పుడు, పుట్టిన తరువాత కొంతకాలం ఆ తెర ఇంకా తయారవుతూ ఉంటుంది. అప్పుడే అక్కడి లేత కణాలు చీలుతుంటాయి. చీలడం ఆగిపోయి అవి చూపు కణాలుగా స్థిరపడవలసిన సమయంలో వాటిని ఆపేది ముఖ్యంగా ఆర్‌బి. ఆ కాపలా లేకపోతే అవి ఆగవు, గడ్డగా పెరుగుతాయి. తెర పూర్తిగా తయారయ్యాక కణాలు చీలవు గనుక, ఆ తరువాత ఈ జబ్బు దాదాపుగా రాదు. అందుకే ఇది ఐదేళ్ళలోపు పిల్లల జబ్బు. పుట్టుకతో జన్యులోపం ఉన్నవారిలో సుమారు ఏడాది వయసులో, లేనివారిలో సుమారు రెండేళ్ళ వయసులో బయటపడుతుంది.

పుట్టిన ప్రతి 15 నుంచి 20 వేల మంది పిల్లల్లో ఒకరికి ఇది వస్తుంది. అరుదైన జబ్బే. కాని మన దేశంలో పుట్టే పిల్లల సంఖ్య ఎక్కువ కాబట్టి ఏటా సుమారు 1,500 నుంచి 2,000 మంది పిల్లలకు వస్తుందని అంచనా. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు తమ దగ్గర వైద్యం పొందిన 1,457 మంది పిల్లల వివరాలను 2019లో ప్రచురించారు. వారిలో జబ్బు పడిన కళ్ళు 2,074. అంటే 600 మందికి పైగా పిల్లలకు రెండు కళ్ళలోనూ జబ్బు ఉన్నట్టు. మనకు దగ్గరలోనే, మన భాష మాట్లాడే ఇళ్ళలోనే ఈ జబ్బు ఉన్నదని దీన్ని బట్టి తెలుసుకోవాలి.

ఇంట్లో కనిపించే గుర్తులు

1. కంటిపాపలో తెల్లని మెరుపు. ఇది అన్నిటికంటె ముఖ్యమైన గుర్తు. కంటి నల్లగుడ్డు మధ్యలో నల్లగా ఉండవలసిన చోట తెల్లగా గాని, పసుపుగా గాని మెరుస్తుంది. చీకటిలో పిల్లి కన్ను మెరిసినట్టు ఉంటుంది. మసక వెలుతురులో, దీపం పక్కగా ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు తల్లి దీన్ని గమనిస్తుంది. ఒకసారి కనిపించి మరోసారి కనిపించకపోవచ్చు.

2. ఫోటోలో తేడా. ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, మరొకటి తెల్లగా కనిపిస్తే అనుమానించాలి. మామూలు పిల్లలకు కూడా కన్ను పక్కకు తిరిగి ఉన్నప్పుడు ఒక్కోసారి అలా పడుతుంది. అయినా మీరే నిర్ణయించుకోవద్దు, ఆ ఫోటో తీసుకుని కంటి డాక్టరుకు చూపించండి.

3. మెల్లకన్ను. ఇది రెండో ముఖ్యమైన గుర్తు. మెల్లకన్ను అదృష్టమని మన పెద్దలు కొందరు మురిసిపోతారు. మూడు నెలలు దాటిన బిడ్డకు మెల్ల ఉంటే లోపలి తెరను తప్పకుండా పరీక్ష చేయించాలి.

4. కన్ను ఎర్రబడి, నొప్పిగా, వాచి ఉండడం. మందు చుక్కలు వేసినా తగ్గకపోవడం.

5. కన్ను ముందుకు పొడుచుకు రావడం. ఇది జబ్బు ముదిరినదనడానికి గుర్తు.

ఒక విషయం కలిపి చెప్పాలి. కంటిలో తెల్లగా కనిపించేదంతా క్యాన్సర్ కాదు. పుట్టుకతో వచ్చే శుక్లం, మన వైపు మోతిబిందు అంటారు, అది కూడా తెల్లగానే ఉంటుంది. నెలలు నిండక పుట్టిన పిల్లలకు వచ్చే తెర జబ్బులోనూ అంతే. ఇక 'కంటిలో పువ్వు' అనేది నల్లగుడ్డు పైభాగాన ఉండే మచ్చ, కంటిపాప లోపలిది కాదు. ఏది ఏదో తేల్చవలసినది కంటి డాక్టరు. వీటిలో ఏది అయినా పసిబిడ్డకు త్వరగా వైద్యం కావలసినదే, కాబట్టి చూపించినందుకు నష్టం ఏమీ లేదు.

ఆలస్యం ఎక్కడ జరుగుతుంది?

ఈ జబ్బు కంటి లోపలే ఉన్నప్పుడు పట్టుకుంటే బిడ్డ బ్రతికే అవకాశం చాలా ఎక్కువ. ధనిక దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి 95 మందికి పైగా బ్రతుకుతున్నారు. మన దేశంలో అంతమంది దక్కడం లేదు. మందులు లేక కాదు. జబ్బు కన్ను దాటి, కంటి నరం ద్వారా మెదడుకు, లేదా రక్తం ద్వారా ఎముకల మూలుగకు పాకిన తరువాత వస్తున్నారు.

ఆలస్యం కొన్ని చోట్ల జరుగుతుంది. బిడ్డకు నొప్పి లేదు, ఆడుకుంటున్నాడు, పాలు తాగుతున్నాడు గనుక 'పెద్దయితే అదే పోతుంది' అనుకోవడం మొదటిది. ఆకు పసరు, తేనె, తల్లిపాలు కంటిలో పోయడం రెండోది. వీటివల్ల గడ్డ తగ్గదు, పైగా కంటికి పుండు పడవచ్చు. మందుల షాపులో చుక్కల మందు కొని నెలల తరబడి వేయడం మూడోది. పొలం పనులు, చెరకు కొట్టుడు, పెళ్ళిళ్ళు అయ్యాక చూద్దామని వాయిదా వేయడం నాలుగోది. ఈ గడ్డ మన తీరిక కోసం ఆగదు. తెల్లని మెరుపు కనిపించిన వారంలోపే కంటి డాక్టరు దగ్గర ఉండాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

మొదట దగ్గరలోని కంటి డాక్టరుకు చూపించండి. ఆయన కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి లోపలి తెర చూస్తారు. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందానికి కూడా చెప్పవచ్చు. 2013లో మొదలైన ఈ కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లల్లో లోపాలను వెదకడానికే ఉన్నది. కాని వారు వచ్చే దాకా ఎదురుచూడవద్దు.

అనుమానం ఉంటే హైదరాబాదు వెళ్ళవలసిందే. జహీరాబాదు నుంచి సుమారు 100 కిలోమీటర్లు. అక్కడ మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. కంటి క్యాన్సర్ కోసం అక్కడ ప్రత్యేక విభాగమే ఉన్నది. డబ్బు కట్టలేనివారికి అక్కడ ఉచితంగా వైద్యం చేస్తారు.

ఖర్చుకు భయపడి ఆగేవారికి ఒక మాట. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ వైద్యం ఉంది. తెలంగాణలో దీని పరిమితిని 2023 డిసెంబరులో ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. వెళ్ళేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ కార్డు, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ తీసుకు వెళ్ళండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర ఏ చికిత్సకు పథకం వర్తిస్తుందో ముందే అడగండి.

చికిత్స ఎలా చేస్తారు?

బిడ్డకు మత్తు ఇచ్చి రెండు కళ్ళూ పూర్తిగా పరీక్షిస్తారు. ఒక కంటిలోనే జబ్బు ఉందని మీకు తెలిసినా రెండోది కూడా చూడడం తప్పనిసరి. స్కానింగు చేస్తారు. మిగతా క్యాన్సర్లలో లాగా సూదితో ముక్క తీసి పరీక్ష చేయరు. అలా గుచ్చితే కణాలు కంటి బయటికి పాకే ప్రమాదం ఉంది. చూసి, స్కానింగు బట్టి జబ్బును 'ఎ' నుంచి 'ఇ' వరకు తరగతులుగా విడదీస్తారు. 'ఎ' అంటే చిన్న గడ్డ. 'ఇ' అంటే కన్ను బాగా పాడయిపోయిన స్థితి.

చిన్న గడ్డలను లేజరుతో కాల్చి, లేదా అతి చల్లని వాయువుతో గడ్డకట్టించి పోగొడతారు. కాస్త పెద్దవైతే రక్తంలోకి మందు ఎక్కించే కీమోథెరపీ ఇస్తారు. సాధారణంగా విన్‌క్రిస్టిన్, ఎటొపొసైడ్, కార్బోప్లాటిన్ అనే మూడు మందులు కలిపి నాలుగు వారాలకొకసారి ఇస్తారు. కొన్ని సందర్భాల్లో కంటికి వెళ్ళే రక్తనాళంలోకి, లేదా కంటి లోపలికే మందు ఇస్తారు. కంటి గోడపై చిన్న రేడియం బిళ్ళ వంటిది పెట్టి కొద్దిరోజులకు తీసివేసే పద్ధతి కూడా ఉంది. అందుకు కావలసిన రుథీనియం బిళ్ళలను 2020 నుంచి మన బాబా అణు పరిశోధన కేంద్రం కూడా తయారు చేస్తున్నది.

పై మందుల్లో విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చినదే. కణం చీలేటప్పుడు క్రోమోజోములను రెండు వైపులకు లాగే దారాలు ఉంటాయి. ఈ మందు ఆ దారాలు ఏర్పడకుండా చేస్తుంది. చీలబోయిన కణం మధ్యలోనే ఆగి చనిపోతుంది. గేటు దగ్గర ఆర్‌బి ఆపలేని కణాన్ని దారిలో మరో చోట ఈ మందు ఆపుతుందన్న మాట. ఇది విని ఎవరూ బిళ్ళగన్నేరు ఆకులు కాచి బిడ్డకు తాగించవద్దు. ఆకుల్లో ఈ మందు అతి కొద్దిగా మాత్రమే ఉంటుంది. మిగిలినదంతా బిడ్డకు విషం. శుద్ధి చేసి, బిడ్డ బరువును బట్టి కొలత వేసి, నరంలోకి మాత్రమే ఇచ్చే మందు అది.

కన్ను తీయాలి అని చెప్పినప్పుడు

ఈ పాఠంలో అన్నిటికంటె కష్టమైన భాగం ఇది. గడ్డ కన్నంతా నిండిపోయి, చూపు వచ్చే ఆశ లేనప్పుడు, జబ్బు బయటికి పాకకుండా ఆ కన్నును తీసివేయవలసి వస్తుంది. ఈ మాట వినగానే బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయే కుటుంబాలు ఉన్నాయి. వారు మళ్ళీ వచ్చేసరికి జబ్బు మెదడుకు చేరి ఉంటుంది. ఆడపిల్ల అయితే 'రేపు పెళ్ళెలా?' అనే భయం మరీ ఎక్కువ.

తల్లిదండ్రుల బాధ మాకు అర్థమవుతుంది. అయినా ఒక సంగతి ఆలోచించమని కోరుతున్నాము. తీసివేసే ఆ కన్ను అప్పటికే చూడడం లేదు. దాన్ని ఉంచుకుంటే మిగిలేది చూపు కాదు, గడ్డ మాత్రమే. ఆపరేషనులో కన్ను ఉన్న గుంటలో ఒక చిన్న గోళం అమర్చుతారు. కొన్ని వారాల తరువాత రెండో కంటి రంగుకు సరిపోయే కృత్రిమ కన్ను పెడతారు. బిడ్డ పెరిగే కొద్దీ దాన్ని మార్చుతూ ఉండాలి. ఒక కంటితో పిల్లలు బడికి వెళ్తారు, చదువుతారు, ఆడతారు, ఉద్యోగాలు చేస్తారు.

తీసిన కన్నును ప్రయోగశాలకు పంపుతారు. కంటి నరం దాకా జబ్బు వెళ్ళిందా లేదా అక్కడ తేలుతుంది. వెళ్ళి ఉంటే కీమోథెరపీ కూడా ఇవ్వాలి. కాబట్టి ఆపరేషను అయిపోయింది కదా అని రిపోర్టు తీసుకోకుండా వెళ్ళిపోకూడదు.

కుటుంబం తెలుసుకోవలసినది

ఈ జబ్బు ఉన్న పిల్లల్లో నూటికి సుమారు 40 మందికి జన్యులోపం పుట్టుకతో ఉంటుంది. రెండు కళ్ళలో జబ్బు వస్తే అది పుట్టుకతో ఉన్నట్టే లెక్క. ఒక కంటిలో వచ్చినవారిలో కూడా నూటికి 10 నుంచి 15 మందికి ఉంటుంది. అయితే ఈ పిల్లల్లో చాలామంది ఇళ్ళలో ముందు తరంలో ఎవరికీ జబ్బు ఉండదు. లోపం ఆ బిడ్డలోనే కొత్తగా వచ్చి ఉంటుంది.

పుట్టుకతో లోపం ఉన్న వ్యక్తి పెద్దయి పిల్లల్ని కంటే, ప్రతి బిడ్డకూ ఆ లోపం వచ్చే అవకాశం సగానికి సగం. అది వచ్చిన పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది పైగా జబ్బు పడతారు. అందుకే అలాంటి బిడ్డకు పుట్టిన వెంటనే కన్ను పరీక్ష మొదలుపెట్టి, మొదటి నెలల్లో కొన్ని వారాలకొకసారి, తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం సుమారు 7 ఏళ్ళ వరకు చేయించాలి. గడ్డ ఆవగింజంత ఉన్నప్పుడే దొరికితే లేజరుతోనే పోతుంది, చూపు నిలుస్తుంది. జబ్బు ఉన్న బిడ్డ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళకు కూడా పరీక్ష చేయించాలి.

రక్తపరీక్షతో ఆర్‌బి జన్యులోపాన్ని కనిపెట్టవచ్చు. బిడ్డలో లోపం ఎక్కడ ఉందో తెలిస్తే, తోడబుట్టినవారిలో అది లేదని తేలినప్పుడు వారికి మాటిమాటికి మత్తు ఇచ్చి పరీక్షించే అవసరం తప్పుతుంది.

పుట్టుకతో లోపం ఉన్నవారికి ఒక బ్రేకు శరీరమంతటా లేనట్టే గనుక, పెద్దయ్యాక ఎముక, కండరం, చర్మం క్యాన్సర్లు వచ్చే అవకాశం మిగతావారికంటె ఎక్కువ. రేడియేషన్ ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. అందుకే పూర్వం ఎక్కువగా ఇచ్చిన బయటి రేడియేషన్ చికిత్సను ఇప్పుడు వీలైనంత వరకు మానుకుంటున్నారు. వీరికి ఎక్స్‌రే, సీటీ స్కాన్ అవసరమైతే తప్ప తీయించవద్దు. పాత జబ్బు సంగతి ప్రతి డాక్టరుకూ చెప్పాలి. ఎముక దగ్గర తగ్గని నొప్పి, వాపు వస్తే 'దెబ్బ తగిలిందిలే' అని వదిలేయవద్దు. పొగాకు దగ్గరికి పోవద్దు.

పెద్దవారిలో ఇదే కాపలాదారు

ఆర్‌బి పని కంటితోనే అయిపోదు. స్త్రీలకు గర్భసంచి ముఖద్వారంలో వచ్చే క్యాన్సర్‌కు కారణం హెచ్.పి.వి. అనే వైరస్. అది కణంలో చేరి రెండు ప్రోటీన్లు తయారు చేస్తుంది. ఒకటి నేరుగా ఆర్‌బిని పట్టుకుని పని చేయనివ్వదు. మరొకటి పి53 అనే ఇంకో కాపలాదారును చంపుతుంది. ఇక్కడ జన్యువు బాగానే ఉంటుంది, వైరస్ కాపలాదారు చేతులు కట్టేస్తుంది. అందుకే దీన్ని టీకాతో ఆపవచ్చు. 9 నుంచి 14 ఏళ్ళ మధ్య ఆడపిల్లలకు ఈ టీకా బాగా పనిచేస్తుంది. 30 ఏళ్ళు దాటిన స్త్రీలు ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి.

రొమ్ము క్యాన్సర్‌లో ఒక రకానికి 2015 నుంచి వాడుతున్న పాల్బోసిక్లిబ్ అనే మాత్ర కూడా ఈ గేటు దగ్గరే పని చేస్తుంది. గేటు ఎత్తే సీడీకే-4, సీడీకే-6లను అది ఆపుతుంది. ఆర్‌బి ఇంకా బాగా ఉన్న కణాల్లోనే ఆ మందు పనిచేస్తుంది. పసిపిల్లల కంటి జబ్బు నుంచి నేర్చుకున్న పాఠం పెద్దవారికి మందుగా మారింది.

మీరు అడిగే ప్రశ్నలు

మేనరికం వల్ల ఈ జబ్బు వస్తుందా?
రాదు. మేనరికం వల్ల వచ్చే జబ్బుల్లో తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ చెడు ప్రతులు రావాలి. దీనికి ఒకరి నుంచి వచ్చినా చాలు, అసలు ఎవరి నుంచీ రాకుండా కొత్తగానూ పుట్టవచ్చు. మేనరికం వేరే జబ్బులకు కారణం కావచ్చు గాని దీనికి కాదు.

తల్లి గ్రహణం చూసిందని, ఏదో తిన్నదని వచ్చిందంటారు. నిజమేనా?
కాదు. జన్యువును ప్రతి రాసేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పుపడుతుంది. అది ఎవరి చేతిలోనూ లేదు. కోడలిని నిందించవద్దు. నిందకు భయపడి తల్లి ఆ గుర్తును దాచిపెడితే నష్టం బిడ్డకే.

ఇది అంటుకుంటుందా?
అంటుకోదు. ఆ బిడ్డతో మిగతా పిల్లలు కలిసి తినవచ్చు, ఆడుకోవచ్చు.

ఒకసారి నయమైతే మళ్ళీ వస్తుందా?
కొత్త గడ్డలు రావచ్చు. అందుకే చికిత్స అయిన తరువాత కూడా చెప్పిన తేదీలకు తప్పకుండా వెళ్ళాలి.

గుర్తుంచుకోండి

• ఆర్‌బి జన్యువు కణచక్రానికి కాపలా. రెండు ప్రతులూ చెడితే కణం ఆగకుండా చీలుతుంది.
• పసిబిడ్డ కంటిపాపలో తెల్లని మెరుపు, మెల్లకన్ను కనిపిస్తే వారంలోపు కంటి డాక్టరుకు చూపించాలి.
• కంటిలో పసరు, తేనె, పాలు పోయవద్దు.
• ఒక కంటికి జబ్బు ఉంటే రెండో కన్ను, తోడబుట్టిన పిల్లల కళ్ళు కూడా పరీక్ష చేయించాలి.
• కన్ను తీయాలని చెప్తే ఇంటికి తిరిగి పోవద్దు. అర్థం కానిది డాక్టరును మళ్ళీ అడగండి.

ఈ పాఠం చదివిన తరువాత మీ ఇంట్లో, మీ వీధిలో ఉన్న ఐదేళ్ళలోపు పిల్లల కళ్ళను ఒకసారి వెలుతురులో, ఒకసారి మసక చీకటిలో చూడండి. చదవడం రాని తల్లులకు ఈ గుర్తులు చదివి వినిపించండి. అనుమానం ఉంటే బిడ్డను తీసుకుని మా ఓ.పి.కి రండి. ఎక్కడికి వెళ్ళాలో, ఏ కాగితాలు కావాలో చెప్పి పంపిస్తాము.